బోలెక్స్ హెచ్ 16లో ఫిల్ము ఎక్కించాక వచ్చే తేడాలు: ఏది కనిపిస్తే ఎక్కడ చూడాలి

పాత బోలెక్స్ హెచ్ 16 రిఫ్లెక్స్ అనే 16 ఎంఎం సినిమా కెమెరా ఎలాగోలా సంపాదించి, మొదటి రోలు కడిగించుకుని చూసి "కెమెరా పోయింది, మెకానిక్ ఎవరైనా ఉన్నారా" అని అడిగేవాళ్ళ కోసం ఇది. చాలాసార్లు కెమెరాకేం కాదు, ఫిల్ము ఎక్కించడంలోనో గేటు దగ్గరో, అంటే ఫిల్ము మీద వెలుగు పడే చిన్న కిటికీ దగ్గరో, తేడా జరిగుంటుంది. అందుకని స్క్రూడ్రైవర్ జోలికి పోకుండా ముందు నెగటివ్ తీసి, చేతులకి కాటన్ గ్లౌజులు వేస్కుని, కిటికీ వెలుగులో పట్టుకుని చూడండి. స్కాన్ చేసిన వీడియో ఒక్కటే చూస్తే సగం సంగతి తెలీదు, ఎందుకంటే స్కాన్‌లో మామూలుగా ఫ్రేము వరకే ఉంచి చుట్టూ కోసేస్తారు, ఫిల్ము అంచున ఉండే చిల్లుల పక్కన ఏం జరిగిందో అందులో కనపడదు.

ఇది స్విట్జర్లాండ్ కెమెరా, పయార్డ్ కంపెనీ 1935లో హెచ్ 16 తెచ్చింది, లెన్సులోంచే చూసే రిఫ్లెక్స్ మోడల్ 1956లో వచ్చింది. బ్యాటరీ లేదు, కీ తిప్పితే స్ప్రింగు మీద నడుస్తుంది. 100 అడుగుల రోలు 24 ఫ్రేముల స్పీడులో దాదాపు 2 నిమిషాల 46 సెకన్లు వస్తుంది, అంతే. ఇప్పుడు ఫిల్ము రేటు, కడిగే ఖర్చు, స్కాన్ ఖర్చు కలిపితే ఎంతవుతుందో తెలిసిందే కాబట్టి పాడైన పాత రోలు ఒకటి దగ్గర పెట్టుకుని ముందు దాంతో ఎక్కించడం నేర్చుకోండి, మూత తీసి, వెలుగులో, ఏది ఎటు పోతుందో కళ్ళతో చూస్తూ.

టకటకమని శబ్దం, ఫిల్ము నలిగిపోవడం, బొమ్మంతా పైకీ కిందకీ సాగినట్టు రావడం

ఇది లూప్ పోవడం, కొత్తవాళ్ళకి అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. లోపల పళ్ళచక్రాలు ఫిల్ముని ఆగకుండా తిప్పుతూ ఉంటాయి, కానీ గేటు దగ్గర చిన్న కొక్కెం ఒక్కో ఫ్రేముని లాగి ఆపి, లాగి ఆపి, సెకనుకి 24 సార్లు అదే పని చేస్తుంది. ఆగకుండా పోయేదానికీ ఆగి ఆగి పోయేదానికీ మధ్య కొంచెం వదులు ఫిల్ము కావాలి, గేటుకి పైన ఒకటి కింద ఒకటి ఉండే ఆ వంపులే లూపులు. వాటిల్లో ఒకటి పోయిందంటే ఫిల్ము బిగుసుకుపోయి, షట్టరు తెరుచుకున్నప్పుడు కూడా జారుతూనే ఉంటుంది, దాంతో వెలుగున్నచోటల్లా నిలువు గీతలుగా సాగిపోతుంది. నెగటివ్ మీద చూస్తే చిల్లుల అంచులు చిరిగో, కొక్కెం గుచ్చుకున్న గుర్తులతోనో ఉంటాయి. ఇవి రెండూ కనిపిస్తే ఇంకేం వెతకక్కర్లేదు.

చెవి కూడా పెట్టాలి. బాగున్న కెమెరా కుట్టుమిషన్ లాగా ఒకే లయలో పోతుంది, లూప్ పోయిన క్షణం నుంచి శబ్దం గరుగ్గా, టకటకమని మారిపోతుంది. ఆ మార్పు వినపడగానే బటన్ వదిలేయండి, షాట్ బాగుందని లాగితే మిగతా రోలు కూడా పోతుంది.

కారణాలు ఏంటంటే, ఎక్కువగా ఫిల్ము కొస సరిగ్గా కత్తిరించకపోవడం. కెమెరా లోపలే చిన్న కత్తెర ఉంటుంది, దాంతోనే కత్తిరించండి, అది చిల్లుని చూసి సరైన ఆకారంలో కోస్తుంది, చేత్తో చింపిన కొస గేటులో ఇరుక్కుంటుంది. కొస వంకరగా, మడతపడి ఉన్నా అంతే, కొత్తగా కోసుకోండి. తర్వాత లూప్ ఫార్మర్లు మూయండి, అంటే ఫిల్ము దారి పట్టించే ఆ రెండు వంపు రేకులు, వాటి లీవర్ నొక్కితే మూసుకుంటాయి. స్పీడు తక్కువలో పెట్టి, రన్ బటన్ నొక్కుతూ కొసని పై చక్రం కిందకి మెల్లిగా తోస్తే అదే గేటు గుండా పోయి కిందనుంచి బయటికి వస్తుంది. మీరు తోయాల్సింది మొదట పళ్ళు పట్టుకునేదాకే, ఆ తర్వాత బలవంతం చేయకండి. ఓ అడుగు బయటికొచ్చాక ఆపి, కింద ఖాళీ స్పూల్‌కి తగిలించి, వదులు లేకుండా రెండు చుట్లు తిప్పండి.

ఇప్పుడు ఫార్మర్లు తెరవాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు. మూత పెడితే అవే తెరుచుకునే ఏర్పాటు ఉంది కానీ అరవై ఏళ్ళ కెమెరాలో దాన్ని నమ్ముకోవడం ఎందుకు, మీరే తెరిచి, మూత పెట్టకముందే ఒక్క సెకను నడిపి రెండు లూపులూ అటూ ఇటూ తగలకుండా ఊగుతున్నాయో లేదో చూడండి. అవి కళ్ళతో చూడకుండా మూత పెట్టొద్దు. మూత పెట్టాక కౌంటర్ సున్నాకి వచ్చేదాకా నడిపితే వెలుగు తగిలిన మొదటి భాగం పోతుంది.

షూటింగు మధ్యలో లూప్ పోతే చేంజింగ్ బ్యాగులో, అంటే వెలుగు చొరని నల్ల సంచిలో పెట్టి తెరవడం మంచిది. అది లేకపోతే నీడ బాగా ఉన్నచోట చకచకా తెరవండి, స్పూల్ మీద చుట్టుకుని ఉన్న ఫిల్ముకి పైపొరలూ అంచులే పోతాయి, గేటు దగ్గర బయటపడ్డ ముక్క ఎలాగూ పోతుంది. మొత్తం రోలు పోయిందని పారేయకండి.

ఇంకోటి, బాగా పాత హెచ్ 16లో పళ్ళచక్రానికి రెండు వైపులా పళ్ళు ఉంటాయి. ఇప్పుడు దొరికే 16 ఎంఎం ఫిల్ముకి ఎక్కువగా ఒకవైపే చిల్లులు. అలాంటి కెమెరాలో ఇది పెడితే రెండోవైపు పళ్ళు ఫిల్ముని చింపేస్తాయి. కొనేముందే మూత తీయించి పళ్ళు చూడండి.

లూపులు బాగానే ఉన్నాయి, అయినా దీపాల నుంచి నిలువు గీతలు

చిల్లులు చిరగలేదు, శబ్దం మారలేదు, బొమ్మ స్థిరంగానే ఉంది, కానీ రాత్రి తీసిన వీధి దీపాలకి మాత్రం తోకలు వస్తున్నాయంటే షట్టరుకీ కొక్కేనికీ టైమింగు తప్పినట్టు. ఇది ఇంట్లో చేసే పని కాదు, తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

బొమ్మ మెల్లిగా ఊగుతోంది

ఫిల్ముని గేటుకి వెనకనుంచి అదిమి ఉంచే ప్రెషర్ ప్లేటు సరిగ్గా కూర్చోలేదు, లేదా గేటులో మట్టి. శుభ్రం చేయడానికి ప్లేటు బయటికి తీస్తాం కదా, మళ్ళీ పెట్టేటప్పుడు అది ఖటక్కున కూర్చోవాలి. చాలాకాలం దాచిపెట్టిన పాత ఫిల్ము వాడినా ఊగుతుంది, ఎందుకంటే అది కొంచెం కుంచించుకుపోయి చిల్లుల మధ్య దూరం తగ్గుతుంది. కొత్త రోలుతో ఇంకోసారి చూశాకే కెమెరాని అనుమానించండి.

రోలు పొడుగునా ఒకే గీత

ముందు అది ఏ వైపు ఉందో తేల్చుకోండి. నెగటివ్‌ని దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే ఒకవైపు నిగనిగలాడుతుంది, ఇంకోవైపు మసగ్గా ఉంటుంది, ఆ మసక వైపే ఎమల్షన్, అంటే బొమ్మ పడే పూత, కెమెరాలో అది లెన్సు వైపుకి ఉంటుంది. గీత మసక వైపు ఉంటే లెన్సు వైపున్న గేటు ప్లేటు చూడాలి, నిగనిగల వైపు ఉంటే వెనకున్న ప్రెషర్ ప్లేటు. చిన్న చిన్న ముక్కలుగా, ఎక్కడపడితే అక్కడ గీతలు ఉంటే అది కెమెరా కాకపోవచ్చు, వదులైన రోలు కొస పట్టుకుని బిగించి లాగితే పొరలు ఒకదానికొకటి రాసుకుని అలా వస్తాయి. ఆ అలవాటు ఉంటే మానేయండి.

గేటు మీద పేరుకునేది ఎమల్షన్ పొడి, అది గట్టిపడి గరుకుగా తయారవుతుంది. టూత్‌పిక్ లాంటి చెక్కపుల్లతో మెల్లిగా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క అద్దిన నూలు పోగులు రాలని గుడ్డతో తుడవండి. ఇనుప వస్తువు ఏదీ తాకించొద్దు, పిన్నీసు కూడా. మీరు గీసిన గీత ఆ తర్వాత ప్రతి రోలు మీదా పడుతుంది. డబ్బాలో వచ్చే గ్యాసు గాలి వద్దు, రబ్బరు బల్బు బ్లోయర్ చాలు. ఇది ప్రతి రోలుకీ చేయాలి, నెలకోసారి కాదు.

బొమ్మ అంచున నల్లటి వెంట్రుక

గేటులో వెంట్రుక, లేదా ఫిల్ము నుంచి రాలిన పోగు. గేటులో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి తెర మీద పైన కనిపిస్తే గేటులో కింద వెతకండి. మన స్టూడియోల్లో ఆరిఫ్లెక్స్ 2సీ సినిమా కెమెరా మీద పనిచేసిన పాత అసిస్టెంట్లు షాట్ అవగానే లెన్సు తీసి టార్చి వేసి గేటు చూస్కునేవాళ్ళు. బోలెక్స్ రిఫ్లెక్స్‌లో ఆ సౌకర్యం లేదు, లెన్సు వెనకే వెలుగులో కొంత వ్యూఫైండర్‌కి మళ్ళించే గాజు దిమ్మ, అంటే ప్రిజం, అడ్డం ఉంటుంది, ముందునుంచి గేటు సరిగ్గా కనపడదు, చేతులు అసలే పెట్టకూడదు. అందుకే రోలుకీ రోలుకీ మధ్య వెనకనుంచి శుభ్రం చేయడమే దారి.

బొమ్మ మీద నారింజ రంగు మంటల్లా, తెల్లటి పొగలా మరకలు

రోలు మొదట్లోనూ చివర్లోనూ మాత్రమే ఉంటే అది మామూలే, ఎండలో ఎక్కించి ఉంటారు, ఇకనుంచి నీడలో ఎక్కించండి. రోలంతా అంచుల వెంబడి ఉంటే స్పూల్ రేకు వంగిందేమో, మూత సరిగ్గా లాక్ అయిందో లేదో చూడండి. ప్రతి షాటు మొదట్లో ఒకటి రెండు ఫ్రేములు మాత్రం కాలినట్టు ఉంటే, కెమెరా ఆగి ఉన్నప్పుడు ఎక్కడినుంచో వెలుగు మెల్లిగా కారుతోంది. ముందు అనుమానించాల్సింది ఫిల్టరు గాడి. లెన్సు వెనక జిలటిన్ ఫిల్టరు పెట్టే చిన్న హోల్డరు ఉంటుంది, ఫిల్టరు వాడకపోయినా ఆ ఖాళీ హోల్డరు అక్కడ ఉండాల్సిందే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఇదే పోయి ఉంటుంది, దొరికేదాకా నల్ల టేపు వేయండి. రెండోది కంటి దగ్గర, కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి కన్ను తీసేసి నడిపితే వ్యూఫైండర్ గుండా వెలుగు వెళ్ళి ప్రిజం మీదుగా ఫిల్ముకి చేరుతుంది, మూసే లీవర్ ఉన్న మోడల్ అయితే మూయండి, లేకపోతే గుడ్డ కప్పండి.

అంతా చీకటిగా వచ్చింది

లైట్ మీటరు తప్పనే ముందు రెండు చూస్కోండి. రిఫ్లెక్స్ షట్టరు తెరుచుకునేది 133 డిగ్రీలు, 24 ఫ్రేముల్లో లెక్క ప్రకారం 1/65 సెకను. కానీ ప్రిజం కొంత వెలుగుని వ్యూఫైండర్‌కి మళ్ళిస్తుంది కాబట్టి మీటరులో 1/80 పెట్టుకోవాలి, మామూలు కెమెరాల అలవాటులో 1/50 పెడితే వెలుగు సగం స్టాపుకి పైగా తక్కువ పడుతుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం). రెండోది షట్టరు ఎంత తెరుచుకోవాలో మార్చే వేరియబుల్ షట్టరు లీవర్, అది సగం మూసుకుని ఉండొచ్చు. దీనితో చిక్కేంటంటే ప్రిజం షట్టరుకి ముందుంటుంది, షట్టరు మొత్తం మూసినా వ్యూఫైండర్లో బొమ్మ శుభ్రంగా కనిపిస్తూనే ఉంటుంది, రోలంతా ఖాళీగా వచ్చాక గానీ తెలీదు. షాటుకి ముందు లీవర్ చేత్తో తడిమి చూస్కోవడం అలవాటు చేస్కోండి.

తిరగేసి, మన ఎండాకాలం మధ్యాహ్నం 500 స్పీడు ఫిల్ము పెడితే లెన్సు ఎంత మూసినా చాలదు, వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు వేయాల్సిందే. ఆ ఎండకి 50 స్పీడు పగటి ఫిల్ము 50డీ హాయి, ఎఫ్ 11, 16 మధ్యలో సరిపోతుంది.

ఫోకస్ చూసే తీశా, అయినా మసక

కంటి దగ్గరి రింగు మీ చూపుకి సర్దుకోలేదేమో, ముందు వ్యూఫైండర్లో బొమ్మ పడే గ్రౌండ్ గ్లాసు గరుకుతనం స్పష్టంగా కనపడేలా తిప్పుకోండి. అది కాకపోతే లెన్సు. ప్రిజం ఉన్న కెమెరా కాబట్టి 50 ఎంఎం కన్నా తక్కువ, అంటే వెడల్పుగా చూపే లెన్సులు ఆర్‌ఎక్స్ అని రాసి ఉన్నవే వాడాలి, ఈ కెమెరాకి మరతో బిగిసే మామూలు సీ మౌంట్ లెన్సు పూర్తిగా తెరిచి తీస్తే మెత్తగా వస్తుంది, ఎఫ్ 5.6, 8 దాకా మూస్తే పెద్దగా తెలీదు.

షాటు మధ్యలో ఆగిపోతోంది, నెమ్మదిస్తోంది

నిండా కీ ఇచ్చినా 24లో దాదాపు 28 సెకన్లే. ప్రతి షాటుకీ ముందు నిండా తిప్పండి. అసలు నడవకపోతే పక్కన లీవర్ మోట్ (MOT) అనే గుర్తు దగ్గర ఉందో సున్నా దగ్గర ఉందో చూడండి, సున్నాలో ఉంటే మోటారు విడిపోయి ఉంటుంది. నిండా తిప్పినా ఈడుస్తూ పోతోందంటే లోపల గ్రీజు గట్టిపడింది. కుట్టుమిషన్ నూనె పోస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తే వినకండి, అది పాకి షట్టరు మీదకీ ప్రిజం మీదకీ పోతుంది, విప్పి గ్రీజు మార్చేవాళ్ళకే ఇవ్వాలి.

దాచిపెట్టేటప్పుడు కీ నిండా ఇచ్చి ఉంచొద్దు, ఫిల్ము తీసేసి తక్కువ స్పీడులో ఆగేదాకా వదిలేయండి. ఖాళీ కెమెరాని 64 ఫ్రేముల్లో పరిగెత్తించొద్దు. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్రపు గాలి ఊళ్ళల్లో తోలు పెట్టెలో పెట్టి బీరువాలో పడేస్తే లెన్సుకీ ప్రిజానికీ ఫంగస్ పడుతుంది, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, ఆ జెల్ రంగు మారినప్పుడల్లా ఆరబెట్టండి.