కాన్సెప్ట్ మోడల్ తయారీ – 3వ పాఠం: చూరు ఎంత దిగాలి?

గత పాఠంలో కళింగపట్నం తీరాన వలలు బాగుచేసుకునేందుకు ఒక పాకను తలపెట్టి, దాని నేలను 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పుగా నిర్ణయించుకున్నాం. ఇప్పుడు కప్పును వెతుకుదాం. వెతకడమనే మాటను కావాలనే వాడుతున్నాను. స్టూడియోలో కాన్సెప్ట్ మోడల్ తేలిపోయిన డిజైనును చూపించే బొమ్మ కాదు, ఇంకా తేలని ఒకే ఒక ప్రశ్నను చేతులతో అడిగే పద్ధతి. మన ప్రశ్న: చూరు ఎంత కిందికి దిగాలి?

శ్రీకాకుళం తీరంలోని చుట్టిళ్లు దీనికి ఒక జవాబు చెబుతాయి. గుండ్రని మట్టిగోడను గాలి ఒరుసుకుంటూ పోతుంది. వంగితే తప్ప లోపలికి వెళ్లలేనంతగా దిగిన తాటాకు చూరు ఆ గోడను వానజల్లు నుంచి కాపాడుతుంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానును చూసినవారికి ఆ దిగుడు విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే వల బాగుచేసే మనిషి నేలమీద కూర్చుని, వలను కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, తెగిన వలకన్నునల్లా వెతికి పట్టుకోవాలి. ఆయనకు వెలుతురు కావాలి.

1:100 స్కేలు తీసుకోండి, అంటే అసలు మీటరుకు మోడల్‌లో ఒక సెంటీమీటరు. థర్మోకోల్ పలకపై 12 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు గీసి, పొడవు అంచుల వెంట ఒక్కోవైపు నాలుగేసి చీపురుపుల్లలు గుచ్చండి. పాత అట్టపెట్టె ముక్కను నడిమికి మడిచి, వాలు చెదరకుండా రెండు కొసల్లో త్రికోణపు ముక్కలు అంటించి, పుల్లలపై ఊరికే ఆనించండి. కప్పును మాత్రం పుల్లలకు అంటించవద్దు. చదువుకునే రోజుల్లో నేను మొదటి రాత్రే అన్నీ ఫెవికాల్‌తో బిగించేశాను. విప్పడానికి మనసొప్పక, తప్పని తెలిసిన ఎత్తునే జ్యూరీలో, అంటే డిజైనును పరిశీలించే అధ్యాపకుల ముందు, సమర్థించుకున్నాను.

8 మిల్లీమీటర్ల ఎత్తున కూర్చున్న మనిషిని కాగితంతో కత్తిరించి లోపల పెట్టి, పుల్లలను నొక్కుతూ చూరును 20, 14, 8 మిల్లీమీటర్లకు దించండి. ప్రతిసారీ మీ కన్నును ఆ మనిషి కంటి ఎత్తుకు తెచ్చి సముద్రంవైపు చూడండి. 8 దగ్గర ఆకాశం దాదాపు పూర్తిగా పోయి ఇసుక, నీళ్లు సన్నని పట్టీగా మిగులుతాయి. తర్వాత డిసెంబరు మధ్యాహ్నపు ఎండ చూడండి: శ్రీకాకుళంలో అప్పుడు సూర్యుడు దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కనుక, ఫోను టార్చిని దక్షిణంగా 50 సెంటీమీటర్ల దూరంలో, 55 సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకోవాలి. ఫ్యాను పెట్టి గాలిని మాత్రం పరీక్షించకండి. గాలి ప్రవర్తన స్కేలుతోపాటు కుదించుకుపోదు.

ఇక ఒక్క వైపు పుల్లలనే నొక్కి చూడండి. సముద్రంవైపు 14 దగ్గర ఉంచి, వెనుక వాయవ్యం వైపు 20 దగ్గరే వదిలితే, మెత్తని వెలుతురు వెనుక నుంచి వలమీద పడుతుంది. రెండు చూర్లూ సమానంగా ఉండాలన్న నియమం మనం తెలియకుండా పెట్టుకున్నదేనని అప్పుడు తెలుస్తుంది.

ప్రతి ఎత్తునూ ఒకే చోటు నుంచి ఫోటో తీసి, కొలత రాసి, నచ్చనివాటినీ దాచండి. వచ్చే పాఠానికి 9.6 సెంటీమీటర్ల వ్యాసంతో గుండ్రని నేల కత్తిరించి తెండి. వైశాల్యం దాదాపు అదే 72 చదరపు మీటర్లు. 12 సెంటీమీటర్ల దారాన్ని వలగా భావించి, వంచకుండా అందులో ఇముడుతుందేమో పరిచి చూడండి.