పద్యానికీ బుర్రకథకూ ఒక చిన్న రేడియో: లైసెన్సు నిబంధనలు మార్చమని ఎలా పోరాడాలి?

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని పెట్టుకుని పనిలోకి దిగే ఇళ్లు మా గుంటూరులో ఇప్పటికీ ఉన్నాయి. బుర్రకథ నాజర్ పుట్టిన పొన్నెకల్లు మా జిల్లాలోదే. అయినా రోజంతా పద్యనాటకాలు, బుర్రకథలు, హరికథలు వేసే చిన్న ఎఫ్ఎం స్టేషన్ పెడదామంటే, దానికి సరిపడే లైసెన్సే మన దేశంలో లేదు. అది కావాలని అడగడమే మన పని.

ముందు, చిక్కు ఎక్కడుందో చూడండి

ఇప్పుడున్నవి రెండే దారులు. మొదటిది ప్రైవేటు ఎఫ్ఎం. దానికి వేలం ఉంటుంది. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 234 కొత్త పట్టణాల్లో 730 చానెళ్ల వేలానికి ఒప్పుకుంది. వాటి రిజర్వు ధర మొత్తం 784.87 కోట్లు. లెక్క వేస్తే ఒక్కో చానెల్‌కు సగటున కోటి రూపాయల పైమాటే. అదీ వేలంపాట మొదలయ్యే ధర మాత్రమే. కొన్ని వేలమంది వినే పద్యాల స్టేషన్ ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తుంది?

రెండోది కమ్యూనిటీ రేడియో. 2006 నుంచి లాభాపేక్ష లేని సంస్థలకూ ఇస్తున్నారు. సంస్థ రిజిస్టరై కనీసం మూడేళ్లు ఉండాలి, కార్యక్రమాల్లో సగమైనా స్థానికంగా తయారవ్వాలి. ఇవి న్యాయమైన షరతులే. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ఈ దారిలోనే గాలిలోకి వచ్చింది. కానీ ట్రాన్స్‌మిటర్ శక్తికి పరిమితి ఉంది కాబట్టి గుంటూరు బ్రాడీపేటలో పెట్టిన స్టేషన్ తెనాలి దాకా అందదు. పద్యం ప్రాణంగా బతికే ఊళ్లు జిల్లా అంతా చెదిరి ఉన్నాయి. వ్యక్తులకు, చిన్న సంగీత వ్యాపారాలకు అసలు అర్హతే లేదు.

కోరికను ఒక్క పేజీలో రాయండి

"చిన్న స్టేషన్లను ఆదుకోండి" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఇలా అడగండి: ఒకే రకం సంగీతం వేసే చిన్న స్టేషన్లకు వేలం లేని వేరే లైసెన్సు ఇవ్వాలి. రుసుము రాబడిని బట్టి ఉండాలి. దరఖాస్తుకు గడువులోగా జవాబివ్వాలి. కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో చెప్పింది. ఆ తీర్పును పేజీ పైభాగంలోనే పెట్టండి. మనం దయ అడగడం లేదని చదివేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

లెక్కలు తెప్పించుకోండి

సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో కేంద్ర సమాచార, ప్రసార శాఖకు దరఖాస్తు పెట్టండి. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల నుంచి ఎన్ని కమ్యూనిటీ రేడియో దరఖాస్తులు వెళ్లాయి, ఎన్ని ఆగాయి, ఎన్నాళ్లుగా ఆగాయి అని అడగండి. తెలుగులోనే రాయవచ్చు, ఆ హక్కు చట్టంలోనే ఉంది. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి.

సరైన తలుపు తట్టండి

చాలామంది అమరావతి సచివాలయానికి అర్జీ పట్టుకెళ్తారు. ప్రసారాలు రాజ్యాంగం ప్రకారం కేంద్రం జాబితాలోవి. రాష్ట్రం సిఫారసు చేయగలదు, అంతకుమించి ఏమీ చేయలేదు. మీ ఎంపీని కలవండి. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాలు మొదలవ్వకముందే వెళ్లండి. ప్రశ్న మీరే రాసి చేతికివ్వండి. వెంట ఒక హార్మోనిస్టునో, హరిదాసునో తీసుకెళ్తే మరీ మంచిది. ఆ కళ మీద బతికే మనిషి ఎదురుగా కూర్చుంటే మాట తేలిగ్గా దాటేయలేరు.

అన్నిటికన్నా ముఖ్యమైన తలుపు ట్రాయ్, అంటే టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ. ప్రసార లైసెన్సుల మీద కేంద్రానికి సిఫారసులు చేసేది అదే. ముందు సంప్రదింపుల పత్రం విడుదల చేసి, అందరి అభిప్రాయాలూ అడుగుతుంది, తర్వాత బహిరంగ చర్చ పెడుతుంది. పెద్ద కంపెనీల లాయర్లు ప్రతిసారీ రాస్తారు. శ్రోతలు మాత్రం రాయరు. ఈ ఒక్క అలవాటు మారితే చాలా మారుతుందని నా గట్టి నమ్మకం. పత్రంలోని ప్రశ్నల నంబర్లు వేసి, ఒక్కోదానికీ విడిగా జవాబు రాయండి.

"సిగ్నళ్లు కలిసిపోతాయి" అంటే

ఈ అభ్యంతరం తప్పకుండా వస్తుంది. అమెరికాలో 2000లో వంద వాట్ల చిన్న స్టేషన్లకు లైసెన్సులు మొదలుపెట్టినప్పుడు పెద్ద ప్రసార సంస్థలు ఇదే వాదించాయి. అక్కడి పార్లమెంటు ఆంక్షలు పెట్టింది. ఇంజనీర్లు పరీక్షించి ఆ భయం చాలావరకు అనవసరమని తేల్చారు. 2011లో కొత్త చట్టంతో దారి తెరుచుకుంది. పదేళ్లు పట్టింది. మీరూ ఒక ఇంజనీరింగ్ కాలేజీ అధ్యాపకుడిని ముందే కలుపుకోండి.

ఈలోగా

లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ పెట్టకండి. అది నేరం, ఉద్యమానికే చెడ్డపేరు. ఇంటర్నెట్‌లో ప్రసారం మొదలుపెట్టి, వినేవాళ్ల ఊళ్ల పేర్లు రాసుకోండి. పాత రికార్డుల హక్కు విడుదలైన 60 ఏళ్లకు తీరుతుంది. రచయిత, స్వరకర్తల హక్కు మాత్రం వాళ్లు పోయాక 60 ఏళ్లు ఉంటుంది. అందుకని ఆ హక్కు తీరిన పద్యాలు, కథలు మీ ఊరి కళాకారుల చేత కొత్తగా పాడించి, సంతకంతో అనుమతి తీసుకుని, రికార్డు చేసి పెట్టుకోండి. పెద్దవయసు వాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి.