నాస్‌లోకి సీసీ కెమెరా రికార్డింగ్ వెళ్లకపోతే: నా అనుభవం

మా అపార్ట్‌మెంట్‌లో 16 కెమెరాలు. రికార్డింగ్ దాచడానికి నాస్‌ను (నెట్‌వర్క్‌కి కలిపే స్టోరేజ్ పెట్టె) విండోస్‌లో జెడ్ డ్రైవ్‌గా పెట్టాను. ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా తెరుచుకునేది, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ ఫోల్డరే లేదనేది. కేబుల్ మార్చాను, ఫైర్‌వాల్ ఆపాను, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను; ఏదీ పనిచేయలేదు.

అసలు విషయం ఏమిటంటే, రికార్డ్ చేసేది వెనకాల నడిచే విండోస్ సర్వీస్. అది మన యూజర్‌తో కాకుండా, లోకల్ సిస్టమ్ అనే విండోస్ సొంత అకౌంట్‌తో నడుస్తుంది. మనం లాగిన్ అయి పెట్టుకున్న డ్రైవ్ అక్షరం దానికి కనపడదు.

ముందు నాస్‌లో కొత్త యూజర్‌ని చేసి, రికార్డింగ్ పడాల్సిన షేర్‌లో (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్) రాసే అనుమతి ఇచ్చాను. అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో విండోస్‌లోనూ యూజర్‌ని చేశాను. ఇక్కడ ఒక్క అక్షరం తేడా ఉన్నా కుదరదు. సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ మీద కూడా ఆ యూజర్‌కి అనుమతి ఇచ్చాను. తర్వాత సర్వీస్ ఆపి, దాని ప్రాపర్టీస్‌లో లాగ్ ఆన్ ట్యాబ్‌లో ఆ యూజర్‌ని పెట్టి, మళ్లీ స్టార్ట్ చేశాను. చివరగా స్టోరేజ్ సెట్టింగ్‌లో జెడ్ తీసేసి, రెండు బ్యాక్‌స్లాష్‌లు, నాస్ ఐపీ అడ్రస్, ఇంకో బ్యాక్‌స్లాష్, షేర్ పేరు రాశాను. వెంటనే ఫైళ్లు పడటం మొదలైంది. ఎంత టెన్షన్ తీరిందో!

మాది డొమైన్ (అన్ని కంప్యూటర్ల యూజర్లను ఒకే సర్వర్ చూసుకునే ఏర్పాటు) లేని చిన్న నెట్‌వర్క్. డొమైన్ ఉన్నచోట యూజర్ సంగతి వేరుగా ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు నాస్‌ను పాత రికార్డింగ్ దాచడానికే ఒప్పుకుంటాయి, వాటికి ఇది పనికిరాకపోవచ్చు.