గళ్లు కొట్టకుండా గోడ మీదికి బొమ్మ దించడం

బొమ్మ కొలత తప్పకుండా దించడానికి 30 అడుగుల కాంపౌండు గోడకి దారంతో గళ్లు కొట్టాలంటే సగం రోజు గోవిందా. ప్రొజెక్టరు పెడదామంటే చీకటి పడాలి, పైగా వీధి లైటు అడ్డం.

దానికి బదులు ప్రైమర్ ఆరాక గోడంతా పిచ్చిగీతలు గీసేయండి. అక్షరాలు, అంకెలు, సున్నాలు, ఏవైనా సరే, మూరెడుకొకటి. దగ్గర దగ్గరగా ఉన్నవి ఒకేలా ఉండకూడదు, అంతే. సుద్ద చెయ్యి తగిలితే చెరిగిపోతుంది కాబట్టి నీళ్లు కలిపిన లేత రంగు మేలు. ముదురు రంగు వాడారో, తర్వాత పైన వేసే పసుపు రంగు కింద నుంచి కనబడి చంపుతుంది.

గోడకి ఎదురుగా, సరిగ్గా మధ్యలో నిలబడి ఫోటో తీయండి. లేయర్లున్న (అంటే ఒక బొమ్మ మీద ఇంకోటి పెట్టగలిగే) ఏ డ్రాయింగ్ యాప్‌లోనైనా ఆ ఫోటో మీద డిజైన్ పెట్టి, కింది గీతలు కనబడేలా డిజైన్‌ని సగానికి పలచన చేయండి. మీ డిజైన్ ఒంగోలు గిత్త అనుకోండి, ఇక దాని మూపురం 'క' పక్కన లేచి '7' కింద దిగుతోందని ఫోన్‌లో కనిపిస్తుంది. గోడ మీదా అక్కడే గీయడమే.

నెల్లూరు పాత సందుల్లాంటి ఇరుకు చోట మాత్రం ఇది కుదరదు. వెనక్కి జరగలేక ఫోటో ఏటవాలుగా తీస్తే, దూరంగా ఉన్న వైపు బొమ్మ సాగిపోతుంది. అక్కడ గోడని ముక్కలుగా, ఒక్కోదానికి ఎదురుగా నిలబడి తీయాలి. అదీ వీలుకాకపోతే గళ్లే దిక్కు.