ఎర్ర సిరా తేదీ

అనంతపురంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేస్తున్నాను. పోయిన వేసవిలో ఒక సమాచార హక్కు దరఖాస్తు నా బల్ల మీది కట్టల అడుగున ఉండిపోయింది. 2005 చట్టం ప్రకారం 30 రోజుల్లో సమాధానం వెళ్లాలి. నేను చూసేసరికి 27వ రోజు. పైగా అడిగిన సమాచారం మా దగ్గర లేనే లేదు, అందిన 5 రోజుల్లోనే సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయాల్సింది. సూపరింటెండెంటు గారు కేకలు వేయలేదు. "నీ పర్సనల్ రిజిస్టరు తీసుకురా అమ్మా" అన్నారంతే. నా దగ్గరికి వచ్చిన ప్రతి కాగితాన్నీ ఎక్కించాల్సిన ఆ పుస్తకంలో చివరి నమోదు మూడు వారాల నాటిది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రమే బదిలీ లేఖ పంపించాం.

అప్పటిదాకా నా జ్ఞాపకశక్తి మీద నాకు మహా నమ్మకం. ఇప్పుడు తపాలు రాగానే, టీ కంటే ముందు, రిజిస్టరులో ఎక్కిస్తాను. గడువున్న కాగితం మూలన ఎర్ర సిరాతో తేదీ వేస్తాను: వచ్చిన తేదీ కాదు, వెళ్లవలసిన తేదీ. నన్ను ఒడ్డున పడేసింది ఇదే. శుక్రవారం సాయంత్రం పెండింగు లెక్కపెట్టి రిజిస్టరు అట్ట లోపలివైపు అంకె రాస్తాను. మొదటి వారం 64, మొన్న 11. ఆ పదకొండులో నాలుగింటికి పక్క సెక్షను నుంచి వివరాలు రావాలి. రోజూ వెళ్లి వాళ్ల బల్ల ముందు నిలబడటం తప్ప వాటికి వేరే ఉపాయం దొరకలేదు.