హాస్కెల్ కోడ్‌ని కుదించడం ఎలా నేర్పాలి

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో విద్యార్థి రాసిన ప్రోగ్రామ్ సరిగ్గానే నడుస్తోంది, కానీ రెండు లైన్లలో అయ్యేదానికి పదిహేను రాశాడు. అప్పుడు మీ జవాబు చూపించకండి. కాపీ చేసుకుంటాడు, తర్వాతి లెక్కకి మళ్లీ పదిహేను లైన్లే రాస్తాడు. అతని కోడ్‌నే ఒక్కో మెట్టు మార్పించండి, ప్రతి మార్పు తర్వాతా అవే టెస్టులు నడిపించండి. ఖాళీ లిస్టు, ఒకే అంకె ఉన్న లిస్టు ఆ టెస్టుల్లో తప్పక ఉండాలి.

మార్కుల లిస్టులో 35, ఆపైన ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమన్నారనుకుందాం. సీ, జావా అలవాటైనవాళ్లు చాలామంది ఇలా మొదలుపెడతారు: లెంగ్త్ (లిస్టు పొడవు) 0 అయితే 0, కాకపోతే హెడ్‌ని (మొదటి అంకెని) 35తో పోల్చి, టెయిల్ (మిగతా లిస్టు) మీద మళ్లీ అదే ఫంక్షన్.

ముందు ఆ లెంగ్త్ తీయించండి. అది ప్రతిసారీ లిస్టు చివరిదాకా నడుస్తుంది. 10,000 మార్కులుంటే కేవలం ఖాళీయా కాదా అని చూడ్డానికే దాదాపు 5 కోట్ల అడుగులు. దాని బదులు ప్యాటర్న్ మ్యాచింగ్, అంటే లిస్టు ఆకారాన్ని బట్టి విడివిడిగా రాయడం: ఖాళీ లిస్టుకి ఒక ఈక్వేషన్, (మార్కు : మిగతా) అన్నదానికి ఇంకోటి. దీంతో హెడ్, టెయిల్ కూడా పోతాయి. ఖాళీ లిస్టు తగిలితే ప్రోగ్రామ్‌ని కూల్చేవి అవే, హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.8 నుంచి వాటిని వాడితే కంపైలరే హెచ్చరిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న అడగండి: ఈ రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) ప్రతి అంకెనీ మారుస్తోందా, కొన్నింటిని ఏరుతోందా, అన్నింటినీ ఒక్క విలువగా కలుపుతోందా? మార్చేది మ్యాప్, ఏరేది ఫిల్టర్, కలిపేది ఫోల్డ్. ఇక్కడ ఏరి, లెక్కపెట్టాలి:

లెంగ్త్ (ఫిల్టర్ (>= 35) మార్కులు)

ఆ ఫంక్షన్ పేరు విద్యార్థి నోటి నుంచే రావాలి. మీరే "ఫిల్టర్ వాడు" అంటే ఆ ఆకారాన్ని గుర్తుపట్టడం అతనికి ఎప్పటికీ రాదు.

ఫోల్డ్ దగ్గర ఒక జాగ్రత్త. పెద్ద లిస్టుని ఫోల్డ్‌ఎల్ (foldl) అనే ఫోల్డ్‌తో కూడితే, వెంటనే చెయ్యకుండా వాయిదా వేసిన కూడికలన్నీ మెమరీలో పేరుకుపోవచ్చు. ఫోల్డ్‌ఎల్ ప్రైమ్ (foldl') ఎప్పటికప్పుడు కూడేస్తుంది. జీహెచ్‌సీ 9.10 నుంచి అది ప్రెల్యూడ్‌లోనే (ప్రతి ప్రోగ్రామ్‌కీ తనంతట తానే వచ్చే లైబ్రరీలోనే) ఉంది. పాత వెర్షన్లలో డేటా.లిస్ట్ నుంచి ఇంపోర్ట్ చేసుకోవాలి.

కుదించడం రుచి మరిగాక అతి చేస్తారు. "లెంగ్త్ . ఫిల్టర్ (>= 35)" వరకూ (చుక్క రెండు ఫంక్షన్లని కలుపుతుంది) బాగానే ఉంటుంది. రెండు ఆర్గ్యుమెంట్లున్న ఫంక్షన్లని కూడా చుక్కలతో, ఫ్లిప్‌తో (ఆర్గ్యుమెంట్ల వరుస తిరగేసే ఫంక్షన్‌తో) అతికించడం మొదలుపెడితే మాత్రం ఆపండి, ఆర్గ్యుమెంట్ పేరు వెనక్కి తెప్పించండి. పొడుగు ఎక్స్‌ప్రెషన్ మధ్యలో ఉన్న ముక్కకి వేర్ (where) కింద పేరు పెడితే ఒక లైను పెరుగుతుంది, పెరగనివ్వండి. టైప్ సిగ్నేచర్ (ఫంక్షన్ ఏ రకం విలువ తీసుకుని ఏ రకం ఇస్తుందో చెప్పే లైను) జోలికి అసలు వెళ్లనివ్వకండి. లైన్లు లెక్కపెట్టి మార్కులిస్తే అన్నీ ఒకే లైనులో కుక్కేస్తారు.

హాస్కెల్ కోడ్ చూసి సలహాలిచ్చే హెచ్‌లింట్ అనే టూల్‌ని చివర్లో నడిపించండి. "ఇఫ్ షరతు దెన్ ట్రూ ఎల్స్ ఫాల్స్" లాంటివి, లెంగ్త్‌ని 0తో పోల్చడం లాంటివి అది బాగా పట్టుకుంటుంది. చివరి ఆర్గ్యుమెంట్ తీసేయమని కూడా తరచూ సలహా ఇస్తుంది. తీశాక కోడ్ తేలిగ్గా అర్థమైతేనే ఒప్పుకోమనండి.