తుఫాను డ్రమ్ము పైకి తేలకుండా పాతడం ఎలా?

1998 కార్తీకంలో ఒక పొద్దున దొడ్లోకి వెళ్ళేసరికి అరటి మొక్కల మధ్య నీలం గిన్నె బోర్లించినట్టు ఏదో కనిపించింది. దాని మీద మా కోడిపెట్ట ఒకటి దర్జాగా నిలబడి ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే, తుఫాను తర్వాతి రోజులకు తిండీ బట్టలూ దాచి, నేను ఎండాకాలంలో మూడడుగుల గొయ్యి తీసి పాతిన డ్రమ్మే అది. రెండు రోజుల వానకు నేలను చీల్చుకుని పైకి వచ్చేసింది. లోపల చుక్క తడి లేదు. మూత బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ ఊరందరికీ కనిపించే డ్రమ్మును పాతిపెట్టి ఏం లాభం?

మా కోనసీమలో ఇప్పటికీ అందరూ ఇదే తప్పు చేస్తున్నారు. మూత గురించి నానా టెన్షన్ పడి టేపులు చుట్టి, మైనం పోసి, డ్రమ్ము తేలుతుందన్న సంగతి మాత్రం మర్చిపోతారు. ఇరవై ఏళ్ళకు పైగా నాది, చుట్టాలవీ కలిపి చాలా డ్రమ్ములు పాతాను. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ముందు, ఇది ఎవరికి అవసరమో చూసుకోండి. స్లాబు వేసిన మేడ ఉన్నవాళ్ళకు ఈ తంటా అక్కర్లేదు, సామాను పైగదిలో పెట్టుకుంటే చాలు. సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బ మీద ఉన్నవాళ్ళూ పాతొద్దు. ఉప్పెన వస్తే ఇసుకతో పాటు డ్రమ్మునూ కోసుకుపోతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఎలా ముంచేసిందో విన్నవాళ్ళెవరూ ఒడ్డును నమ్మరు. మధ్యలో ఉన్న పెంకుటిళ్ళు, రేకుల ఇళ్ళ వాళ్ళకే ఇది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు మా ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి. అటక మీద దాచిన బియ్యం, బట్టలు, కాగితాలు తడిసి ముద్దయ్యాయి. కొబ్బరి చెట్లు అడ్డంగా పడి దారులు మూసుకుపోయాయి. తుఫాను షెల్టరు నుంచి తిరిగొచ్చాక బయటి సాయం అందేదాకా మూడు రోజులు గడవడానికే ఈ డ్రమ్ము. తుఫాను వస్తుంటే ఇల్లు వదలకుండా కూర్చోవడానికి కాదు.

కావలసినవి: తిండి పదార్థాలకు పనికొచ్చే 50 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, వెడల్పు మూతది, రబ్బరు వాషరు, ఇనుప బిగింపు రింగుతో. రెండడుగుల చదరం, రెండంగుళాల మందం ఉన్న సిమెంటు పలక ఒకటి. బొటనవేలంత నైలాను తాడు పది గజాలు. కోళ్ళ జాలీ కొంచెం. గునపం, పార, దిమ్మిస. ఇంతే.

ఇనుప డ్రమ్ము వద్దు, మా ఉప్పు నేలలో తుప్పు పట్టి పోతుంది. పురుగుమందుల డబ్బాలు, రసాయనాల డ్రమ్ములు ఎన్నిసార్లు కడిగినా వద్దు. కొందరు లావు పీవీసీ గొట్టానికి రెండు వైపులా మూతలు అంటించి పాతుతారు. నీళ్ళు పోవు, నిజమే. కానీ తెరవాలంటే రంపంతో కోయాలి. ఇల్లు కూలిన మర్నాడు రంపం ఎక్కడ వెతుకుతారు?

డ్రమ్ము కొనగానే ఒక పరీక్ష చేయండి. లోపల ఒక పళ్ళెంలో పొడి కల్లుప్పు పెట్టి, మూత బిగించి, నీళ్ళ తొట్టెలో రాళ్ళతో అదిమి ఒక రాత్రంతా ముంచి ఉంచండి. పొద్దున తీసి, బయటంతా తుడిచాక తెరవండి. ఉప్పు గలగలలాడుతుంటే మంచిది. చెమ్మగిల్లితే షాపులో మార్చుకోండి. వాషరుకు కొబ్బరినూనె రాయమని చెప్పేవాళ్ళుంటారు, వినకండి. నూనెకు రబ్బరు ఉబ్బుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

లోపల ఏం పెట్టాలో ఎవరి ఇల్లు వాళ్ళకు తెలుసు, అయినా నా మాట ఒకటి వినండి. బియ్యం వద్దు, అటుకులు పెట్టండి. తుఫాను మర్నాడు ఊళ్ళో పొడి పుల్ల దొరకదు. అటుకులైతే నీళ్ళు చిలకరించి బెల్లం ముక్క నంజుకుంటే కడుపు నిండుతుంది. మూడు కిలోల అటుకులు, కిలో బెల్లం, ఉప్పు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నీటిలో వేసే క్లోరిన్ మాత్రలు. బ్లీచింగ్ పౌడరు మాత్రం డ్రమ్ములో పెట్టొద్దు, దాని ఆవిరికి మిగతావన్నీ పాడవుతాయి. వేరుశనగలు, సున్నుండలు ముక్కిపోతాయి. ఒక చీర, రెండు లుంగీలు, తువ్వాళ్ళు, టార్పాలిన్ పట్టా, చాకు. టార్చిలైటు సెల్సు విడిగా కట్టాలి. లైటులోనే ఉంచితే కారి, లోపలంతా పచ్చగా చిలుము పడుతుంది. ఆధారు, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం నకళ్ళు మాత్రమే, అసలువి మీతో పట్టుకెళ్ళండి. పది, యాభై, వంద నోట్లు కొన్ని. పెట్రోలు, కిరోసిన్, గ్యాస్ లైటరు వద్దే వద్దు. బంగారం అసలే వద్దు. ఆ మాట ఒక్కరి చెవిన పడిందా, తుఫాను కన్నా ముందే గొయ్యి తవ్వుతారు.

ఇవన్నీ పెట్టాక మిగిలిన జాగాలో సీలు తియ్యని లీటరు నీళ్ళ సీసాలు పదిహేను సర్దండి. అడుగున సీసాలు, పైన మిగతావి. ఎందుకో కింద చెబుతాను.

ఎక్కడ, ఎప్పుడు? చోటు చూసుకోవడం కార్తీకంలో, పాతడం మాఘంలో. కార్తీకంలో నూతిలో నీళ్ళు ఎంత పైకి వచ్చాయో చూస్తే దొడ్లో ఏది మెరక, ఏది పల్లం అన్నది తేలిపోతుంది. మెరకనే ఎంచుకోండి. మరుగుదొడ్డి గొయ్యికి, నూతికి, కరెంటు తీగలకు, కొబ్బరి చెట్టుకు దూరంగా ఉండాలి. కొబ్బరి చెట్టు పడితే వేళ్ళతో పాటు మట్టిగడ్డ మొత్తం లేస్తుంది, పక్కనున్న డ్రమ్మునూ లేపుతుంది.

మాఘమే ఎందుకంటే, ఎండాకాలం పొడి అనుకుంటారు గానీ మా తీరంలో మే నెల గాలిలో ఉన్నంత తేమ ఇంకెప్పుడూ ఉన్నట్టనిపించదు. ఒళ్ళు జిడ్డుగా చెమట పట్టే రోజు మూత బిగిస్తే ఆ గాలే లోపల ఉండిపోతుంది. చల్లటి నేలలోకి దిగాక అదే నీటి బొట్లవుతుంది. మూత ఎంత గట్టిదైతే అంత చెమ్మ బయటికి పోదు. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య, ఉత్తరపు గాలి తోలే రోజు, మధ్యాహ్నం బిగించండి.

ఇక అసలు పనికి వద్దాం.

పాతిపెట్టడం మనవాళ్ళకు కొత్త కాదు. రాయలసీమ, తెలంగాణ మెట్ట ఊళ్ళలో జొన్నలు పాతరలో వేసేవాళ్ళు. పాతర తెరిచాక వెంటనే దిగేవాళ్ళు కాదు. లోపల గాలి చెడి మనిషి ప్రాణం పోతుందని ముందు దీపం దించి చూసేవాళ్ళు. వాళ్ళ భయం గాలితో, మన భయం నీళ్ళతో. అక్కడ నీళ్ళు ఎక్కడో అడుగున ఉంటాయి. ఇక్కడ వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే గోతిలో మన ముఖం కనిపిస్తుంది.

ఖాళీ బిందెను మూతి పైకి పెట్టి నీళ్ళలోకి నొక్కి చూసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. 50 లీటర్ల డ్రమ్ము పూర్తిగా నీళ్ళలో మునిగితే నీళ్ళు దాన్ని 50 కిలోలకు పైగా బలంతో పైకి నెడతాయి. డ్రమ్ము మూడు కిలోలు, నీళ్ళ సీసాలు కాక సామాను పదిహేను కిలోలు అనుకుంటే, ఇంకా 32 కిలోల పైచిలుకు తోపు మిగిలింది. అంటే మీ సామానును బలమైన మనిషొకడు కింద కూర్చుని రోజంతా పైకి నెడుతున్నట్టు లెక్క.

“మీద అడుగున్నర మట్టి ఉంది కదండీ, తడిస్తే ఇంకా బరువెక్కుతుంది కదా” అంటారు. నేనూ 1998లో అదే అనుకున్నాను. నీళ్ళలో మునిగిన మట్టి బరువు దాదాపు సగానికి తగ్గిపోతుంది. పైగా కొత్తగా పూడ్చిన మట్టి తడిస్తే గంజిలా వదులైపోతుంది. రాయి సంగతీ అంతే. 30 కిలోల పాత రుబ్బురోలు గోతిలోకి నీళ్ళు చేరాక 18, 19 కిలోలే తూగుతుంది. దాన్ని మూత మీద పెట్టేవాళ్ళుంటారు. అది ఇంకా తప్పు. మూత నడుమ కుంగితే అంచు లేస్తుంది, వాషరు వదులవుతుంది, అప్పుడు నీళ్ళు నిజంగానే లోపలికి వస్తాయి.

అందుకే బరువు మీద కాదు, కిందా లోపలా ఉండాలి. లోపలి బరువు ఆ పదిహేను నీళ్ళ సీసాలు. తాగడానికీ పనికొస్తాయి, పదిహేను కిలోల తోపునూ చంపేస్తాయి. ఇసుక బస్తా పెట్టి జాగా పాడుచేసుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇక మిగిలిన పదిహేడు కిలోల పైచిలుకు సంగతి సిమెంటు పలక చూసుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు అది 40 కిలోలు దాటుతుంది, నీళ్ళలో 25 కిలోల దాకా పనిచేస్తుంది. అంతకన్నా ముఖ్యం, పలక డ్రమ్ము కన్నా నలువైపులా నాలుగంగుళాలు బయటికి వస్తుంది. ఆ అంచు మీద కూర్చున్న మట్టిని కూడా ఎత్తితే తప్ప డ్రమ్ము కదలదు.

గొయ్యి మూడడుగుల చదరం, నాలుగడుగులకు కాస్త తక్కువ లోతు. ఇసుక నేలైతే గోడలు విరిగి పడతాయి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. అడుగు చదును చేసి, ముందు తాడును ప్లస్సు గుర్తులా పరచండి, రెండు ముక్కలుగా. దాని మీద పలక, పలక మీద డ్రమ్ము. ఇద్దరు మనుషులు కావాలి, నడుము పట్టేసేలా ఒక్కరే ఎత్తకండి. తర్వాత తాడు కొనలు పైకి తెచ్చి మూత మీదుగా బిగించి కట్టండి. తాడు మూత అంచు మీద ఆనాలి, నడిమధ్యన మూతకు తగలకుండా ఉండాలి. ముడి పక్కకు రావాలి, చీకట్లో కూడా వేళ్ళకు తగిలేలా. కొబ్బరి తాడు కోనసీమ బిడ్డగా నాకు ఎంత ఇష్టమైనా ఇక్కడ వద్దు. ఏళ్ళ తరబడి మట్టిలో ఉంటే పీచు పీచుగా విడిపోతుంది. కట్టాక డ్రమ్మును రెండు చేతులతో పట్టి ఊపండి. పలకతో కలిసి ఒక్క ముక్కలా కదలాలి. డ్రమ్ము ఒక్కటే ఊగితే విప్పి మళ్ళీ కట్టండి. నేను మూడుసార్లు విప్పిన రోజులున్నాయి.

డ్రమ్ము చుట్టూ కోళ్ళ జాలీ చుట్టండి, పందికొక్కులు ప్లాస్టిక్‌ను వదలవు.

పూడ్చేటప్పుడే చాలామంది చేసిన పనంతా పాడుచేసుకుంటారు. పునాదులు పూడ్చే అలవాటుతో, మట్టి కూర్చుంటుందని గోతిలో బిందెలకొద్దీ నీళ్ళు పోస్తారు. మా బావమరిది ఇంట్లో మేస్త్రీ నేను చూస్తుండగానే పోసేశాడు. అక్కడ పలక లేదు, తాడు లేదు. రెండు నిమిషాల్లో డ్రమ్ము అంగుళం లేచి ఒక పక్కకు ఒరిగింది. ఆ సందులోకి ఇసుక జారింది. ఇక అది కిందికి దిగదు. మొత్తం తోడి మొదటి నుంచి చేశాం. నీళ్ళు పోయకండి. అరడుగు మట్టి వేయండి, దిమ్మిసతో కొట్టండి, మళ్ళీ అరడుగు. పలక అంచు మీద మట్టిని ఎక్కువ కొట్టండి, మూత మీద మట్టిని కాళ్ళతో తొక్కితే చాలు. పైన నేల మట్టం కన్నా జానెడు ఎత్తుగా వదిలేయండి, వానలకు అదే సర్దుకుంటుంది. పైన గోంగూర చల్లుకోండి, ఎవరికీ అనుమానం రాదు.

గుర్తు కోసం చెట్టును నమ్మకండి. చెట్టు పడిపోతుంది. నూతి చప్టా అంచు నుంచి ఒక కొలత, ఇంటి అరుగు మూల నుంచి ఒక కొలత, రెండూ టేపుతో తీసి రాసుకోండి. ఆ రెండు కొలతలు కలిసే చోటే డ్రమ్ము. ఆ కాగితం ఇంట్లో ముగ్గురి దగ్గర ఉండాలి, నాలుగో మనిషికి తెలియకూడదు. మా బాబాయి ఒక్కడే గుర్తు పెట్టుకుంటానని పట్టుబట్టి, ఒక వేసవిలో సొంత దొడ్లో నాలుగు గోతులు తీయించాడు.

ఏడాదికొకసారి మాఘంలోనే తీసి, అటుకులు, నీళ్ళు, మాత్రలు, సెల్సు మార్చండి. పాత అటుకులు ఆ రోజే పులిహోర చేసేసుకోండి. తుఫాను తర్వాత తీయాల్సి వస్తే నీళ్ళు దిగేదాకా ఆగండి. వరద నీటిలో ఉండగా మూత తీశారంటే బురదంతా లోపలికే. ముందు చుట్టూ కర్రతో తట్టండి, తలదాచుకోవడానికి చోటు దొరకని పాములు వదులు మట్టిలోకి దూరతాయి. మూత మీద బురద కడిగి, తుడిచి, అప్పుడే రింగు విప్పండి.

ఇంకొకటి. గునపం ఇంట్లో పెట్టకండి. ఒక తుఫాను తర్వాత మా గునపం కూలిన వంటింటి కింద పడిపోయి, కంచంతో తవ్వాం, మధ్యాహ్నం దాకా. ఇప్పుడు ఒక చిన్న గునపానికి గ్రీజు పూసి, గోనెగుడ్డ చుట్టి, నూతి చప్టా పక్కనే జానెడు లోతున పడుకోబెట్టాను.